సభారూపుడైన పరమేశ్వరుని ఎదుట
హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దివ్యచరితం

శ్రీరుద్ర నమకంలో మూడవ అనువాకం ముగిసే చోట ఒక విలక్షణమైన నమస్కారం ఉంది. సభల రూపంలో ఉన్న పరమేశ్వరునికి, ఆ సభలకు అధిపతులైనవారి రూపంలో ఉన్న పరమేశ్వరునికి నమస్కారమని దాని భావం. అభిషేకవేళ ఆ మంత్రం మన చెవిన పడుతూనే ఉంటుంది. కానీ పదిమంది ఒకచోట కూర్చుంటే ఆ పదిమందీ కలిసి రుద్రరూపమవుతారన్న విషయాన్ని మనం అంతగా తలచుకోము. ఆ పదిమంది ఎదుట నిలబడి నోరు విప్పవలసి వచ్చినవాడికి మాత్రం అది క్షణంలో అనుభవానికి వస్తుంది. రుద్రుడు భయంకరుడూ, శివుడూ కూడా. సభ కూడా అంతే. వణికించేదీ అదే, అనుగ్రహించేదీ అదే.

సభలో కలిగే ఈ భయాన్ని పెద్దలు సభాకంపమన్నారు. అది అజ్ఞానులకే కలుగుతుందనుకోవడం పొరపాటు. కురుక్షేత్రంలో రెండు సేనల నడుమ రథం నిలిచినప్పుడు అర్జునుని స్థితిని గీత మొదటి అధ్యాయం వర్ణిస్తుంది. అవయవాలు పట్టుతప్పాయి, నోరు ఎండిపోయింది, ఒళ్ళు వణికింది, రోమాలు నిక్కబొడుచుకున్నాయి, గాండీవం చేజారింది. ఆయన భయం చావును గురించి కాదు, అయినవారిని చంపవలసి రావడం గురించి. అయితే మహాసమూహం ఎదుట నిలిచిన మనిషి శరీరం ఏమవుతుందో ఆ వర్ణన కన్న చక్కగా చెప్పిన వర్ణన మరొకటి కనబడదు. విద్య ఉన్నా, బలం ఉన్నా, ఆ క్షణంలో రెండూ చేతికందవు.

ఈ స్థితిని దాటి, యంత్రసాయం లేని కాలంలో వేలమంది జనాన్ని గంటల తరబడి కూర్చోబెట్టి, హరినామంలో ముంచి లేపిన తెలుగు మహనీయులలో అగ్రగణ్యులు శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు. హరికథా పితామహునిగా తెలుగుజాతి వారిని కొలుస్తున్నది. వారి జీవితాన్ని ఒక కళాకారుని చరిత్రగా కాక, సభ అనే దైవాన్ని ఉపాసించిన ఒక సాధకుని చరిత్రగా చదువుకుంటే మనకు ఎంతో మేలు కలుగుతుంది.

అజ్జాడలో అరుణోదయం

1864వ సంవత్సరం ఆగస్టు 31వ తేదీన, రక్తాక్షి నామ సంవత్సర శ్రావణ బహుళ చతుర్దశి నాడు, ఉత్తరాంధ్రలోని అజ్జాడ గ్రామంలో ఆయన జన్మించారు. ఆ గ్రామం నేడు పార్వతీపురం మన్యం జిల్లా బలిజిపేట మండలంలో ఉంది. తల్లి లక్ష్మీనరసమాంబ, తండ్రి వేంకటచయనులు. పుట్టినప్పుడు పెట్టిన పేరు సూర్యనారాయణ. హరికథ చేపట్టిన తరువాత ఆ సూర్యనారాయణుడే నారాయణునికి దాసుడయ్యాడు.

పసితనంలోనే ఆయనకు పోతన భాగవతం వశమైంది. ఐదారేళ్ళ వయసులో ఒక పుస్తకాల అంగడి ముందు నిలబడి భాగవత పద్యాలను ధారాళంగా చదివితే, అంగడివాడు మురిసిపోయి ఆ గ్రంథాన్నే బాలునికి కానుకగా ఇచ్చాడని చెప్పుకుంటారు. ఆ పిల్లవాడికి లభించిన మొదటి సభ అదే. ఎదుట ఉన్నది ఒక్క శ్రోత, వేదిక ఒక అంగడి మెట్టు, సంభావన ఒక భాగవతం. ఆ తరువాత బొబ్బిలి ఆస్థాన విద్వాంసులు వాసా సాంబయ్యగారి వద్ద సంగీతానికి ఓనమాలు దిద్దుకున్నారు.

తరువాతి చదువు విజయనగరంలో సాగింది. అక్కడ ఇంగ్లీషు చదువూ అబ్బింది, సంస్కృతాంధ్రాలూ పండాయి. పూసపాటి ఆనంద గజపతి ప్రభువుల పాలనలో ఆనాటి విజయనగరం కవులకు, గాయకులకు, నైయాయికులకు, వైయాకరణులకు నిలయం. కన్యాశుల్కం రచించిన గురజాడ అప్పారావుగారూ ఆ ఊరివారే, ఆ తరంవారే. అటువంటి ఊరిలో తప్పు మాట పలికినా, తాళం జారినా పట్టుకునేవారు వీథికి పదిమంది ఉంటారు. సభాకంపం కలగడానికి అంతకన్న తగిన చోటు వేరే ఉండదు.

1883లో కుప్పుస్వామి నాయుడనే భాగవతులు విజయనగరంలో హరికథ చెప్పారు. పంతొమ్మిదేళ్ళ నారాయణదాసుగారు ఆ కథ విన్నారు. తన విద్యలన్నీ ఒక్కచోట కలిసి ప్రవహించగల పాయ ఏదో ఆనాడు ఆయనకు కనబడింది. పాట వచ్చు, పద్యం వచ్చు, పురాణం వచ్చు, లయ వచ్చు, గంభీరమైన కంఠం ఉంది, చూడచక్కని విగ్రహం ఉంది. విడివిడిగా ఉంటే ఇవి ఒక్కొక్కటీ ఒక్కొక్క విద్య. హరికథలో అన్నీ కలిసి హరిసేవ అవుతాయి. ఆ ఏడే ఆయన సొంతంగా ధ్రువ చరిత్రను రచించి, విజయనగరంలో గానం చేశారు.

ధ్రువుని కథే ఎందుకు?

తొలి కథగా ధ్రువోపాఖ్యానం రావడంలో ఒక దైవఘటన ఉన్నదని ఈ వ్యాసకర్త నమ్మకం. భాగవతం నాలుగవ స్కంధంలోని ఆ ఘట్టాన్ని ఒకసారి స్మరించుకుందాం. తండ్రి తొడ మీద చోటు దక్కని ఐదేళ్ళ పసివాడు అడవికి పోయి తపస్సు చేశాడు. శ్రీహరి ప్రత్యక్షమయ్యాడు. ఆ క్షణం కోసమే ఆ బాలుడు అన్నం నీళ్ళు మానాడు, ఊపిరి బిగబట్టాడు. తీరా స్వామి ఎదుట నిలిచాక నోట మాట రాలేదు. స్తుతించాలని ఉంది, ఎలా స్తుతించాలో తెలియలేదు. చేతులు జోడించి అలాగే నిలబడిపోయాడు.

అప్పుడు స్వామి ఏం చేశాడు? మాట్లాడమని ఆజ్ఞాపించలేదు. సమయం మించిపోతున్నదని తొందరపెట్టలేదు. చిరునవ్వుతో తన శంఖాన్ని ఆ బాలుని చెక్కిలికి తాకించాడు. ఆ స్పర్శతో వాక్కు పెల్లుబికింది. వేదార్థంతో నిండిన స్తోత్రం ఆ పసినోట వెలువడింది. ఆ స్తోత్రంలో ధ్రువుడు మొట్టమొదట స్మరించింది కూడా ఈ విషయాన్నే. నిద్రాణమైన నా వాక్కును లోపల ప్రవేశించి మేల్కొలిపినవాడివి నీవే కదా అని ఆయన స్వామికి మొక్కాడు.

సభాకంపంతో తల్లడిల్లే ప్రతివాడికీ ఆ ఘట్టంలో ఔషధం ఉంది. మాట మనది కాదు. లోపలివాడు పలికిస్తేనే పలుకుతాం. మాట నాది అనుకున్నప్పుడు, అది పోతే పరువూ పోతుందన్న భయం పుడుతుంది. మాట ఆయనది అనుకున్నప్పుడు భయానికి ఆధారం ఉండదు. పంతొమ్మిదేళ్ళ యువకుడు తొలిసారి సభలో నిలిచి ఈ కథనే చెప్పడం, తన పనికి తానే మంత్రోపదేశం చేసుకోవడం వంటిది.

యంత్రం లేని కాలపు సభ

నేటి పాఠకులు ఆనాటి సభను కొంచెం ఊహించుకోవాలి. 1883 నాటికి ధ్వనివర్ధక యంత్రం లోకంలోనే లేదు. విద్యుద్దీపం మన ఊళ్ళకు రాలేదు. ఆముదపు దీపాలు, దివిటీలే వెలుగు. పగటి పనులు ముగించుకున్న జనం రాత్రి భోజనాలయ్యాక వచ్చి కూర్చుంటారు. ముందు వరుసలో పండితులు, ఉద్యోగులు. వారి వెనుక రైతులు, వర్తకులు. ఒక పక్కన స్త్రీలు, వారి ఒళ్ళో పసిపిల్లలు. చివర నిలబడినవారికి కథకుని ముఖం కూడా సరిగా కనబడదు. పందిరి బయట ఎడ్లబండ్లు, అంగళ్ళు, కుక్కల అరుపులు.

కథ స్థలమూ ఒక పరీక్షే. పందిరిలో గాని, బయలులో గాని చెప్పిన మాట గాలిలో కలిసిపోతుంది. దానిని నిలబెట్టే గోడ ఉండదు. రాతి మండపంలోనైతే కష్టం తలకిందులవుతుంది. పలికిన మాట స్తంభాలకూ కప్పుకూ తగిలి తిరిగివచ్చి, వెనుక పలికిన మాటను మింగేస్తుంది. గర్భాలయంలో ఓంకారం చేస్తే ఒళ్ళు పులకించేది ఆ ప్రతిధ్వని వల్లనే. కానీ కథ చెప్పేవాడికి అదే ప్రతిధ్వని శత్రువవుతుంది. అక్కడ తొందరపడి చెప్పినవాడు ఓడిపోతాడు. మాటకూ మాటకూ మధ్య ఎడం ఇచ్చి, చివరి అక్షరం కూడా గోడ దాకా పోయి ఆగేవరకు ఓర్చినవాడు గెలుస్తాడు.

ఈ కష్టం ఒక మతానికి చెందినది కాదు. 1924 డిసెంబరు 25న మెదక్‌లో ప్రారంభమైన మహాచర్చి సుమారు ఐదువేల మంది కూర్చోగలిగినంత విశాలమైనది. అటువంటి ఎత్తైన కప్పు కింద వేదిక ఎక్కి ప్రసంగించే క్రైస్తవ బోధకునికైనా, మసీదులో ప్రసంగించే పెద్దకైనా, ఆలయ మండపంలో పురాణం చెప్పే పౌరాణికునికైనా సమస్య ఒక్కటే. చివరి వరుసలో కూర్చున్న ముసలమ్మకు దేవుని మాట వినబడాలి. విన్నది అర్థం కావాలి. అర్థమైనది ఇంటికి చేరేదాకా నిలవాలి.

గజ్జె, శ్రుతి, చిడత

నారాయణదాసుగారి హరికథలో ఈ కష్టాలకు దొరికిన సమాధానాలను పరిశీలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కథకుడు ఒక్కడే. పట్టుపంచె, మెడలో పూలదండ, చేతిలో చిడతలు, కాలికి గజ్జెలు. పక్కన మృదంగం, ఫిడేలు, శ్రుతి. కూర్చుని గ్రంథం విప్పి చదివే పురాణ కాలక్షేపానికీ దీనికీ ఎంతో భేదం ఉంది. హరిదాసు నిలబడతాడు, నడుస్తాడు, పాడతాడు, ఆడతాడు, అభినయిస్తాడు.

గజ్జె కట్టడం అలంకారం కోసం మాత్రమే కాదు. భయపడిన శరీరం వణుకుతుంది. ఆ వణుకును బలవంతాన అణచబోతే గొంతులోకి ఎక్కుతుంది. అదే శక్తిని పాదాలలోకి దింపి లయగా మార్చితే వణుకు నాట్యమవుతుంది. మాట చేరని చోటికి గజ్జెల సవ్వడి చేరుతుంది. వెనుక కూర్చున్నవారికి ముఖకవళికలు కనబడకపోయినా, అడుగు మారడాన్ని బట్టి కథ మలుపు తిరిగిందని తెలుస్తుంది. వేదం చదువుకునే బాలుడు స్వరానికి అనుగుణంగా తల ఆడించడంలోనూ ఇదే రహస్యం ఉంది. దేహం లయకు కట్టుబడితే మనస్సు దారి తప్పదు.

శ్రుతి రెండవ అండ. ప్రసంగించేవాడికి నిశ్శబ్దం అంటేనే భయం. ఒక్క క్షణం మాట తోచకపోతే ఆ నిశ్శబ్దం ఏనుగంత అవుతుంది. హరికథలో ఆ నిశ్శబ్దం ఎన్నడూ శూన్యం కాదు. శ్రుతి మోగుతూనే ఉంటుంది. కథకుడు ఆగినా మృదంగం నడుస్తుంది. జనం చేత గోవింద నామం పలికించే ఆచారం కూడా గొప్ప ఉపాయమే. సభ అంతా ఒక్క గొంతుతో హరిని స్మరించిన మరుక్షణం కథకునికీ శ్రోతలకూ మధ్యనున్న తెర తొలగిపోతుంది. అప్పటిదాకా తీర్పు చెప్పడానికి కూర్చున్నవారు భజనలో భాగస్వాములవుతారు.

ధారణ మూడవది. నాలుగైదు గంటల కథ కాగితం చూడకుండా నడవాలి. వేదపాఠంలో జట, ఘన వంటి వికృతులు పాఠాన్ని ముందుకూ వెనక్కూ అల్లి మరపును దరిచేరనివ్వవు. హరికథలో ఆ పనిని రాగతాళాలు చేస్తాయి. వచనం మరచిపోయినా దరువు నడక పదాన్ని లాక్కొస్తుంది. పద్యం, కీర్తన, వచనం, దరువు మారుతూ ఉండడం వలన కథకుని గొంతుకు విశ్రాంతి దొరుకుతుంది, శ్రోత చెవికి కొత్తదనం దొరుకుతుంది. నిద్ర తూగుతున్నవారిని లేపడానికి పిట్టకథ ఉండనే ఉంది.

అన్నిటికన్న కఠినమైనది సభలోని హెచ్చుతగ్గులను ఏకం చేయడం. పండితుని మెప్పించే సమాసం పాలేరుకు తెలియదు. పాలేరును నవ్వించే మాట పండితునికి పలుచన. నారాయణదాసుగారు సంస్కృతంలో హరికథలు రచించగలిగారు. అచ్చ తెలుగులో గౌరప్ప పెండ్లి కూడా రచించగలిగారు. ఒకే కంఠం ఈ రెండు కొసలనూ ముట్టగలిగింది కనుకనే ఆయన సభలో ముందు వరుసా, చివరి వరుసా ఒకేసారి కన్నీరు పెట్టేవి. అంబరీష చరిత్ర, గజేంద్ర మోక్షణం, ప్రహ్లాద చరిత్ర, రుక్మిణీ కల్యాణం, సావిత్రీ చరిత్ర, భీష్మ చరిత్ర, జానకీ శపథం, హరిశ్చంద్రోపాఖ్యానం, యథార్థ రామాయణం వంటి ఆయన హరికథలు తరువాతి హరిదాసులందరికీ పెట్టని కోటలయ్యాయి.

రాజసభలలో

ఆయన కీర్తి స్వస్థలం కన్న ముందు పరస్థలంలో పండిందని చెప్పాలి. ఉత్తరాంధ్రం నుంచి బయలుదేరి మద్రాసు వరకు, మైసూరు వరకు ఆయన కథలు సాగాయి. మైసూరు ప్రభువు చామరాజ ఒడయారు ఆయనను సత్కరించారు. ఆ తరువాత విజయనగర ప్రభువు ఆనంద గజపతి ఆయనను తమ ఆస్థానంలో నిలుపుకున్నారు. తన ఊరి రత్నం వెల పొరుగూరు చెప్పాక తెలియడం లోకంలో ఉన్నదే.

లయలో ఆయనది అసాధారణమైన సిద్ధి. రెండు చేతులు, రెండు పాదాలు, శిరస్సు ఈ ఐదింటా ఐదు వేర్వేరు తాళాలను ఏకకాలంలో నడిపేవారని ప్రసిద్ధి. అందుకే లోకం ఆయనను పంచముఖీ పరమేశ్వరుడన్నది, లయబ్రహ్మ అన్నది, ఆటపాటల మేటి అన్నది. అష్టావధానాలు కూడా చేశారు. సభలో ఎనిమిది దిక్కుల నుంచి వచ్చే ప్రశ్నలను నవ్వుతూ స్వీకరించే అవధానికి కథాసభ భయం ఎక్కడిది? అభ్యాసం పెంచుకున్నకొద్దీ భయం పలుచబడుతుందనడానికి ఇది సాక్ష్యం.

ఆ కాలంలోనే మన ఉండి పక్కన యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారితో జతకట్టి శతావధానాలతో తెలుగునాడంతా దిగ్విజయం చేశారు. తిరుపతి వేంకట కవులుగా వారు సాధించిన గొప్పతనంలో ఒక పాఠం ఉంది. ఇద్దరుగా సభకు వెళ్ళినవారు ఒకరికొకరు ధైర్యం. నారాయణదాసుగారు మాత్రం ఒంటరిగా నిలిచే విద్యను ఎంచుకున్నారు.

1893లో ఒక యువ సన్న్యాసి

భయం మహాత్ములను కూడా తాకుతుందని చెప్పడానికి అదే కాలపు మరొక ఉదంతాన్ని తలచుకోవాలి. 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో స్వామి వివేకానంద తమ పాశ్చాత్య దేశ యాత్రా సంకల్పాన్ని గురించి ఇంగ్లీషులో ప్రసంగించారు. అమెరికా వెళ్ళకముందు అంత పెద్ద సభలో ఆయన మాట్లాడడం అరుదు. ఆ సభాభాగ్యం తెలుగునేలకు దక్కింది.

ఆ ఏడే సెప్టెంబరు 11న చికాగో సర్వమత మహాసభలో ఆయన వంతు వచ్చింది. తక్కినవారంతా ప్రసంగాలు సిద్ధం చేసుకుని వచ్చారు. స్వామి చేతిలో కాగితం లేదు. అధ్యక్షుడు పిలిచినప్పుడల్లా ఇప్పుడు వద్దని వాయిదా వేశారు. గుండె దడదడలాడిందనీ, నాలుక ఎండిపోయిందనీ తరువాత శిష్యునికి రాసిన లేఖలో దాచుకోకుండా చెప్పుకున్నారు. చివరకు మధ్యాహ్నం లేచి, సరస్వతీదేవికి మనసులో నమస్కరించి, సభలోని వారిని తోబుట్టువులుగా సంబోధించారు. సభ లేచి నిలబడి హర్షధ్వానాలు చేసింది. ధ్రువుని చెక్కిలిని తాకిన శంఖమే అక్కడా పనిచేసింది. ఎదుటివారు పరులన్న భావం ఉన్నంతసేపే కంపం. తోబుట్టువులన్న భావం కలిగాక కంపానికి చోటు లేదు.

గురుపీఠం

1919లో విజయనగరంలో పూసపాటి విజయరామ గజపతిరాజుగారు సంగీత పాఠశాలను స్థాపించారు. చూపులేని ఒక బాలుని సంగీతాభిలాష ఆ స్థాపనకు నిమిత్తమయిందని ప్రసిద్ధి. కన్నుల వెలుగు లేని పిల్లవానికి చెవుల వెలుగు ప్రసాదించడానికి పుట్టిన విద్యాలయమది. దానికి మొదటి అధ్యక్షులు నారాయణదాసుగారే. ఫిడేలు ఆచార్యులుగా ద్వారం వేంకటస్వామినాయుడుగారు చేరారు. 1936 వరకు దాసుగారు ఆ పీఠాన్ని అలంకరించారు. తరువాత ద్వారంవారు ఆ బాధ్యతను స్వీకరించారు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు సంగీతం నేర్చుకున్నదీ ఆ ప్రాంగణంలోనే.

విద్యార్థికి రాగం నేర్పడం తేలిక. పదిమంది ఎదుట ఆ రాగాన్ని నిలబెట్టగల స్థైర్యాన్ని నేర్పడం కష్టం. గురువు సభలో పాడుతుండగా శిష్యుడు వెనుక కూర్చుని శ్రుతి వేయడం, వంతపాడడం మన సంప్రదాయం కనిపెట్టిన మందు. శిష్యుడు సభను ముందుగా గురువు వీపు చాటు నుంచి చూస్తాడు. జనం అలవాటవుతారు. తరువాత ఒక కీర్తన తానే పాడతాడు. ఆ తరువాత ఒక ఘట్టం చెబుతాడు. ఏళ్ళ మీద భయం కరుగుతుంది. నారాయణదాసుగారి శిష్యప్రశిష్యులు ఆంధ్రదేశమంతటా హరికథను వ్యాపింపజేసింది ఈ మార్గంలోనే.

కలం కూడా ఆయన చేతిలో ఊరక ఉండలేదు. లలితా సహస్రనామాలను అచ్చ తెలుగు చేసి తల్లివిన్కి అన్నారు. ఉమర్ ఖయ్యాము రుబాయీలను సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి మార్చారు. కాళిదాసునూ షేక్స్‌పియరునూ ఒక్కచోట చేర్చి నవరసతరంగిణి కూర్చారు. ఋగ్వేద ఋక్కులను ఏరి తెలుగు చేశారు. జగజ్జ్యోతి అనే తత్త్వగ్రంథం రచించారు. ముప్ఫయ్యేళ్ళ వయసు వరకు నడిచిన తమ జీవితాన్ని నా యెఱుక అనే పేరుతో తామే చెప్పుకున్నారు. సభలో క్షణంలో కరిగిపోయే మాట వెనుక ఇంత చదువు ఉన్నది. కుండ నిండా నీరుంటేనే చెంబుతో తోడుకోవచ్చు. ఇంటి దగ్గర పది పాళ్ళు సిద్ధం చేసుకున్నవాడు సభలో ఒక పాలు చెప్పి నెగ్గుకొస్తాడు.

భయం పోయాక వచ్చే శత్రువు

సభాకంపాన్ని దాటినవాడి కోసం మరొక శత్రువు గుమ్మంలో కాచుకుని ఉంటుంది. దాని పేరు అహంకారం. భయం ఉన్నప్పుడు భగవంతుని తలచినవాడు, చప్పట్లు మోగాక తన్ను తాను తలచుకుంటాడు. భయం కన్న ఇది ప్రమాదకరం. భయపడినవాడు ఒక్క సభను పోగొట్టుకుంటాడు. గర్వించినవాడు విద్యనే పోగొట్టుకుంటాడు.

నారాయణదాసుగారు ఆత్మాభిమానం నిండుగా ఉన్న మనిషి. తన విద్య విలువ తనకు తెలుసు. దానిని తక్కువ చేసినచోట తలవంచే స్వభావం ఆయనది కాదు. అయితే ఆ అభిమానానికి హరికథా సంప్రదాయమే ఒక కళ్ళెం వేసింది. కథ దైవప్రార్థనతో మొదలవుతుంది, మంగళంతో ముగుస్తుంది. మొదట ఇచ్చినవానికి నమస్కారం, చివర తిరిగి ఆయనకే అర్పణం. నడుమ ఉన్న నాలుగు గంటలూ అద్దెకు తెచ్చుకున్నవే. చివరకు పేరులోనే దాసశబ్దం ఉంది. సార్వభౌముడన్న బిరుదు లోకం ఇచ్చింది. దాసుడన్న పేరు మాత్రం ఆయన తానుగా ధరించాడు. ఆ రెండింటిలో జనం నోట నేటికీ నిలిచినది దాసుడన్న పేరే.

1945 జనవరి 2వ తేదీన, ఎనభై ఏళ్ళ నిండు జీవితం గడిపి, విజయనగరంలో నారాయణదాసుగారు నారాయణునిలో లీనమయ్యారు.

మన ఊళ్ళలో, మన పిల్లలలో

మన ఆకివీడు, కైకలూరు, భీమవరం ప్రాంతాల పెద్దలకు హరికథ కొత్తది కాదు. శ్రీరామనవమి పందిళ్ళలోను, గ్రామదేవతల ఉత్సవాలలోను హరిదాసు గజ్జె మోగని ఏడు ఒకప్పుడు ఉండేది కాదు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ తల్లి జాతరకు లంక గ్రామాల జనం తరలివచ్చే దృశ్యం చూసినవారికి, జనసమూహమంటే ఏమిటో, దానిని ఒక్క మాటతో నిలపడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. గోదావరి ఒడ్డున కపిలేశ్వరపురంలో హరికథకంటూ ఒక పాఠశాల వెలసి, ఆడపిల్లలకు కూడా ఈ విద్య నేర్పడం మన జిల్లాల పుణ్యం.

నేడు ధ్వనివర్ధకాలు ఊరంతా మోగుతున్నాయి. గొంతు కష్టం తీరింది. భయం మాత్రం తీరలేదు. వేదం చక్కగా వల్లెవేసిన వటువు కూడా, కల్యాణవేళ రెండు మాటలు వివరించమని మైకు చేతికిస్తే తడబడడం ఆలయాలలో తరచు కనబడే దృశ్యమే. తెలియక కాదు, అలవాటు లేక. ఆ పిల్లవాణ్ణి చూసి నవ్వే నలుగురు ఉన్నంతకాలం ధర్మాన్ని చెప్పేవారు తగ్గుతూనే ఉంటారు. శ్రీహరి ధ్రువుని చూసి నవ్విన చిరునవ్వు వేరు, మనం తడబడినవాణ్ణి చూసి నవ్వే నవ్వు వేరు. మొదటిది వాక్కును ఇస్తుంది. రెండవది ఉన్న వాక్కును హరిస్తుంది.

కనుక ఈ చరిత్ర నుంచి కథకులు ఎంత నేర్చుకోవాలో శ్రోతలూ అంతే నేర్చుకోవాలి. సభ పరమేశ్వర రూపమని నమకం చెప్పింది కదా! అది నిలబడినవాడికి మాత్రమే చేసిన హెచ్చరిక కాదు. కూర్చున్నవారికి అప్పగించిన బాధ్యత కూడా. రుద్రరూపంగా కూర్చుంటామా, శివరూపంగా కూర్చుంటామా అన్నది మన చేతిలోనే ఉంది. ప్రసంగం నడుస్తుండగా లేచి తిరగడం, పక్కవారితో ముచ్చటించడం, చేతిలోని ఫోను వెలుగులో ముఖం దాచుకోవడం, ఇవన్నీ చెప్పేవాడి గొంతును నొక్కే చేతులే. ఒక్క శ్రోత కన్నెత్తి ఆదరంగా చూస్తే చాలు, ఆ చూపే పాంచజన్య స్పర్శ అవుతుంది.

ఇళ్ళలో పెద్దలు మరొక చిన్న పని చేయవచ్చు. సాయంకాలం దీపారాధన తరువాత పిల్లల చేత ఒక పద్యమో, ఒక చిన్న కథో నలుగురి ఎదుట చెప్పించాలి. నిలబడి చెప్పాలి. తప్పు పోతే మధ్యలో ఆపకూడదు. ముగిశాక మెల్లగా దిద్దాలి. అంగడి మెట్టు మీద పద్యం చదివిన బాలునికి ఆనాటి వర్తకుడు భాగవతం కానుకగా ఇచ్చాడంటారు. మనం ఆ పిల్లలకు ఒక అరటిపండు ఇచ్చినా చాలు. ఏ ఇంటి అరుగు మీద ఏ నారాయణదాసు నిలబడి ఉన్నాడో మనకేమి తెలుసు?

వాగ్దేవి మన పిల్లల నాలుకలపై నిర్భయంగా నర్తించుగాక. మన సభలు శివరూపములై వారిని అనుగ్రహించుగాక.